ఫోటో తీసేవారు, ఫోటో దిగేవారు: మలంచా వేడుక చిత్రాలపై ఒక పరిశీలన

ఛాయాచిత్రానికి సంబంధించి తెలుగు నుడికారంలో రెండు క్రియలు స్థిరపడ్డాయి. కెమెరా వెనుక నిలబడిన వ్యక్తి ఫోటో ‘తీస్తాడు’. కెమెరా ముందు నిలబడిన వ్యక్తి ఫోటో ‘దిగుతాడు’. రంగంలోకి దిగినట్లు, విడిదిలో దిగినట్లు మనిషి ఫోటోలోకి దిగుతాడు. బెంగాలీలో ఇదే పనికి ‘తోలా’, అంటే పైకెత్తడం అనే క్రియను వాడతారు. ఈ రెండు భాషలూ ఒకే వీధిలో వినిపించే ఖరగ్‌పూర్ పట్టణంలో, ముఖ్యంగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన పేటలలో ఒకటైన మలంచాలో, వేడుకలకు వెళ్లి ఫోటోలు తీసి, వాటిని అమ్ముకొని జీవించే వృత్తిని అర్థం చేసుకోవడానికి ‘దిగడం’ అనే మాట మంచి ఆధారం. ఎందుకంటే ఆ వృత్తిలో డబ్బు చెల్లించేవాడు ఫోటో దిగినవాడే.

ఛాయాచిత్రకళను విమర్శించేవారు సాధారణంగా ప్రదర్శనశాలల గోడలకెక్కిన చిత్రాలను, పత్రికలలో అచ్చయిన చిత్రాలను మాత్రమే పరిగణనలోకి తీసుకుంటారు. పెళ్లిపందిరిలో, పూజామండపంలో, పదవీవిరమణ సభలో తీసిన చిత్రాలను వ్యాపార సామగ్రిగా భావించి పక్కన పెడతారు. అయితే ఒక సామాన్య సమాజం తన ముఖాన్ని తాను ఏ విధంగా చూసుకోదలచిందో తెలిపే సాక్ష్యం ఈ పక్కన పెట్టిన చిత్రాలలోనే అధికంగా ఉంది. వాటికి అన్వయించే విమర్శసూత్రాలు వేరుగా ఉండవలసిన మాట నిజమే. విమర్శే అవసరం లేదనడం మాత్రం సమంజసం కాదు.

రైలుదారి వెంట వచ్చిన సమాజం

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్ది ముగుస్తున్న కాలంలో ఖరగ్‌పూర్ ఆ రైల్వేకు ప్రధాన కూడలిగా, ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే పెద్ద వర్క్‌షాప్‌కు నెలవుగా రూపొందింది. తూర్పు తీర రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చింది. దానితో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల నుంచి కూలీలు, ఫిట్టర్లు, కమ్మరులు, గుమాస్తాలు ఖరగ్‌పూర్‌కు తరలి రావడానికి మార్గం సుగమమైంది. తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి, 1920లలో ఈ రైల్వే కార్మికుల ఉద్యమానికి నాయకత్వం వహించినవారిలో ప్రముఖుడు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు చేసిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో స్థానం పొందింది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడే నాటికి ఇక్కడి తెలుగు కుటుంబాలలో రెండవ, మూడవ తరాలు పెరుగుతున్నాయి.

ఈ సమాజానికి పొలాలు లేవు, వంశపారంపర్యపు ఇళ్లు లేవు. రైల్వే క్వార్టరు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతో పోతుంది. అటువంటి జీవితంలో కుటుంబ చరిత్రకు నిలకడనిచ్చిన వస్తువులు బహు కొద్ది. గోడమీది ఫోటో వాటిలో ఒకటి. పదవీవిరమణ అనంతరం క్వార్టరు ఖాళీ చేసి మలంచా వంటి పేటలో సొంత ఇల్లు కట్టుకున్న కుటుంబం వెంట తీసుకువెళ్లిన సామానులో ఆ ఫోటో తప్పక ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలోని బంధువులకు ఉత్తరంతోపాటు పంపినదీ ఫోటోనే. సంబంధం కుదరడానికి ముందు వెళ్లినదీ ఫోటోనే. దూరం వల్ల ఏర్పడిన అవసరాన్ని ఫోటోగ్రాఫరు తన జీవనోపాధిగా మలచుకున్నాడు.

బెంగాలీలో మలంచా అంటే పూలతోట. పూలకు ఋతువులున్నట్లే ఈ వృత్తికీ ఋతువులున్నాయి. సంక్రాంతి, ఉగాది, ఉత్తరాంధ్ర గ్రామదేవతల ఆరాధనా సంప్రదాయాన్ని గుర్తుకు తెచ్చే మాతాపూజ, వినాయకచవితి, విశ్వకర్మపూజ, దుర్గాపూజ, రావణదహనం, మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్లు, నెలాఖరున జరిగే పదవీవిరమణ సన్మానాలు – ఇదే ఫోటోగ్రాఫరు పంచాంగం. శూన్యమాసంలో అతని డార్క్‌రూంలోనూ పని ఉండదు.

కొనుగోలుదారు చిత్రంలోనే ఉన్నాడు

భారతదేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలుగా పేరు పొందిన హోమాయ్ వ్యారావాలా (1913–2012) వంటివారి చిత్రాలను కొన్నది పత్రిక. చూసినది పాఠకుడు. చిత్రంలో ఉన్న నాయకుడు ఆ చిత్రానికి డబ్బు చెల్లించలేదు. కనుక అతడు ఆదమరచి ఉన్న క్షణాన్ని పట్టుకునే స్వేచ్ఛ ఛాయాగ్రాహకురాలికి లభించింది. వేడుక ఫోటోగ్రాఫరుకు ఆ స్వేచ్ఛ లేదు. అతని చిత్రంలో ఉన్నవాడే దాని కొనుగోలుదారు. కళ్లు మూసుకున్న ముఖం, నలిగిన చీర, నోటిలో అన్నం ముద్ద ఉన్న క్షణం అమ్ముడుపోవు. అమ్ముడుపోని ప్రింటుకు అయిన కాగితం ఖర్చు, రసాయనాల ఖర్చు ఫోటోగ్రాఫరు నెత్తిన పడుతుంది.

ఈ వ్యాపారసూత్రం నుంచే ఒక రూపవ్యాకరణం పుట్టింది. మనుషులు కెమెరాకు ఎదురుగా, నిటారుగా నిలబడతారు. చేతులు పక్కలకు ఉంటాయి, లేదా ముందు కుర్చీ వీపుమీద ఆనుతాయి. నవ్వు అరుదు. వెనుక తెర గానీ, మండపం గానీ ఉంటుంది. ఈ చిత్రాలను చూసి ‘కృత్రిమం’ అని ఈసడించడం సులభం. కానీ ‘దిగడం’ అనే క్రియ గుర్తుంటే ఆ నిలకడ వెనుక ఉన్న ఉద్దేశం బోధపడుతుంది. ఆ వ్యక్తి తన రోజువారీ రూపాన్ని నమోదు చేయించుకోవడానికి రాలేదు. తన వారసులు తనను ఏ రూపంలో గుర్తుంచుకోవాలో నిర్ణయించుకొని వచ్చాడు. రోజంతా ఇంజనాయిల్ మరకల దుస్తులలో పనిచేసిన ఫిట్టరు ఇస్త్రీ చొక్కాతో, చేతి గడియారం కనిపించేటట్లు నిలబడడంలో ఆత్మగౌరవం ఉంది. దానిని అబద్ధమని కొట్టివేసే విమర్శ ఆ మనిషి సంకల్పాన్ని చదవలేకపోయిన విమర్శ అవుతుంది.

రీలులో పన్నెండు

సాంకేతిక పరిమితి కూడా ఈ రూపాన్ని తీర్చిదిద్దింది. 120 రకం ఫిల్ము రీలులో చదరపు ఫ్రేములు పన్నెండే వస్తాయి. ప్రభుత్వరంగంలో 1960లో ఉదకమండలంలో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ పేరుతో ఫిల్మును అందించిన కాలంలోనూ చిన్న ఊరి ఫోటోగ్రాఫరుకు రీలు చౌక వస్తువు కాదు. పన్నెండు ఫ్రేములలో ఒక్కటి వృథా అయినా ఆ పూట సంపాదనలో కోత పడుతుంది. అందుచేత “కదలకండి” అన్న హెచ్చరిక సౌందర్యదృష్టితోపాటు లెక్కల పుస్తకం నుంచి కూడా వచ్చింది. పెళ్లిలో జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అనే ఘట్టాలకు ముందే ఫ్రేములు కేటాయించుకోవడం, పురోహితుడిని ఒక్క క్షణం ఆగమని అడగడం ఆనాటి పద్ధతి. ముప్పయ్యారు ఫ్రేముల 35 మిల్లీమీటర్ల రీలు, ఆ తరువాత రంగుల ల్యాబులు వచ్చాక ఈ బిగువు కొంత సడలింది. క్రతువు మధ్యలో నవ్వుకుంటున్న ఆడపడుచులు, నిద్రపోతున్న పిల్లలు ఆల్బములోకి ప్రవేశించారు.

ఈ ఆర్థికసూత్రానికి పరిపూర్ణమైన ఫలం సమూహచిత్రం. ఒకే నెగటివ్, నలభైమంది మనుషులు, నలభై ప్రింట్లు. తరగతి ఫోటో, వర్క్‌షాప్ విభాగం ఫోటో, పదవీవిరమణ ఫోటో, సంఘ వార్షికోత్సవపు ఫోటో అన్నీ ఈ కోవలోనివే. ఖర్చు ఒకసారి, రాబడి నలభైసార్లు. కనుకనే ఫోటోగ్రాఫరు సమూహచిత్రాన్ని అత్యంత శ్రద్ధతో కూర్చాడు. మధ్యలో కుర్చీలు, కుర్చీలలో అధికారులు, వెనుక బెంచీలమీద సిబ్బంది, ముందు నేలమీద చిన్న ఉద్యోగులు. సన్మానితుడు పూలదండతో, శాలువాతో అధికారి పక్కన. ముప్పయి సంవత్సరాలు వెనుక వరుసలో నిలబడిన మనిషికి కుర్చీ దక్కేది ఆ ఒక్క రోజే. కార్యాలయ శ్రేణీవ్యవస్థను ఏ సీనియారిటీ జాబితా కంటేనూ స్పష్టంగా ఈ చిత్రం చూపుతుంది. చరిత్ర విద్యార్థి దీనిని పత్రం వలె చదవాలి. ఎవరు కుర్చీలో ఉన్నారు, ఎవరు అంచున సగం తెగిపోయారు, స్త్రీలు ఏ సంవత్సరం నుంచి వరుసలో కనిపించారు, ధోవతి స్థానంలో ప్యాంటు ఎప్పుడు వచ్చింది అనే ప్రశ్నలకు సమాధానాలు అందులో ఉన్నాయి.

దర్బారూ, పందిరీ

డబ్బు కోసం తీసిన చిత్రం చరిత్రకు పనికిరాదన్న వాదానికి హైదరాబాదు చరిత్రే సమాధానం చెబుతుంది. రాజా దీన్ దయాళ్ (1844–1905) రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇందోరులో ప్రజాపనుల శాఖలో పనిచేస్తూ ఛాయాచిత్రకళను చేపట్టారు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడుగా ప్రఖ్యాతి గడించారు. ఆయన తీసినవాటిలో అధికభాగం సందర్భచిత్రాలే: వైస్రాయిల పర్యటనలు, సైనిక విన్యాసాలు, వేటలు, విందులు. నెగటివులపై నంబర్లు, శీర్షికలు వేసి, కోరినవారికి ప్రింట్లు అమ్మిన వ్యాపారదక్షుడాయన. ఆ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. నేడు అవి జాతీయ సంపద.

నిజాం విందుకు, మలంచా పెళ్లిభోజనానికి మధ్య అంతరం ఎంతో ఉంది. వృత్తిధర్మం మాత్రం ఒక్కటే: సందర్భానికి హాజరు కావడం, దిగినవారు మెచ్చేటట్లు తీయడం, నెగటివ్ భద్రపరచడం, అడిగినవారికి ప్రింటు అమ్మడం. దర్బారు చిత్రాన్ని కళగా, పందిరి చిత్రాన్ని సరుకుగా పరిగణించడానికి కారణం చిత్రాల స్వభావంలో కంటే వాటిలో ఉన్నవారి హోదాలో ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ దయాళ్ నైపుణ్యాన్ని తక్కువచేయడానికి ఈ మాట చెప్పడం లేదు. వెలుతురును, స్థలాన్ని ఆయన కూర్చిన తీరు అసామాన్యం. కానీ ఆయన నెగటివులకు నంబర్లుండడం, ఆ నంబర్లున్న పలకలు చెదరిపోకుండా ఒకచోట నిలవడం వల్లనే ఆ నైపుణ్యాన్ని ఈనాడు చర్చించగలుగుతున్నాము.

నిలవకపోతే ఏమవుతుందో ఖరగ్‌పూర్‌కు అనతిదూరంలో ఉన్న కలకత్తాయే చూపింది. 1911 ఢిల్లీ దర్బారుకు అధికార ఛాయాగ్రాహకులుగా వ్యవహరించిన బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియోలో 1991లో సంభవించిన అగ్నిప్రమాదంలో నెగటివ్ భాండారంలో చాలాభాగం దగ్ధమైంది. 2016లో ఆ స్టూడియో మూతపడింది. అంతటి సంస్థకే ఆ గతి పట్టినప్పుడు, ఒంటి గది స్టూడియోలో అట్టపెట్టెలలో ఉన్న నెగటివుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాటిని తినేయడానికి తేమ, బూజు చాలు. నిప్పుతో పని లేదు.

అమ్ముడుపోనివి, తీయనివి

ఈ చిత్రాలను గౌరవించడం వేరు, వాటిలో లోపాలు లేవనడం వేరు. వేడుక చిత్రానికి ఉన్న ప్రధానమైన లోపం దాని మౌనం. కొనేవాడు లేనిదే చిత్రం లేదు గనుక, కొనడానికి ఎవరూ ముందుకు రాని విషయాలు నమోదు కాలేదు. ఖరగ్‌పూర్ తెలుగువారిని అక్కడికి రప్పించినది శ్రమ. వారి ఆల్బములలో కనిపించనిది కూడా శ్రమే. కొలిమి దగ్గర చెమట, రాత్రి షిఫ్టు నుంచి సైకిళ్లపై తిరిగివచ్చే గుంపు, కుళాయి దగ్గర బిందెల వరుస ఇంటి గోడకెక్కే చిత్రాలు కావు. 1974 మే నెలలో దేశవ్యాప్తంగా జరిగిన రైల్వే సమ్మె వేలాది కుటుంబాలను కుదిపివేసింది. అటువంటి రోజులలో ఫోటో దిగడానికి ఎవరూ ఇస్త్రీ చొక్కా తొడుక్కోరు. ఉద్యోగం పోతుందన్న భయంలో ఉన్నవాడు కెమెరాకు ఎదురుపడడు. వర్క్‌షాపు, స్టేషను పరిధిలో వ్యాపార ఛాయాగ్రహణానికి అనుమతులు కావాలన్న నియమం కూడా ఈ లోటును పెంచింది. 1,072.5 మీటర్ల పొడవుతో, 2013లో గోరఖ్‌పూర్ దానిని అధిగమించేవరకు ప్రపంచంలోనే అతిదీర్ఘమైనదిగా ప్రసిద్ధి పొందిన ప్లాట్‌ఫారం ఊరిమధ్యలో ఉన్నా, వేడుక ఫోటోగ్రాఫరు కెమెరా పందిళ్ల వైపే తిరిగింది.

అందువల్ల ఈ ఆల్బములను మాత్రమే ఆధారం చేసుకొని చరిత్ర రాస్తే, అది పండుగలు మాత్రమే జరుపుకున్న ఒక సమాజపు చరిత్ర అవుతుంది. సమ్మె కరపత్రాలు, సంఘాల తీర్మానాలు, వృద్ధుల జ్ఞాపకాలు వాటి పక్కన ఉంచి చదవడం అవసరం.

హక్కు ఎవరిది?

వృత్తికి సంబంధించిన మరొక చిక్కు హక్కుల విషయం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తి. అయితే అదే చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం చెల్లించి ఒకరు కోరి తీయించుకున్న చిత్రంపై, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కు ఆ తీయించుకున్నవారిదే. పెళ్లివారు కుదుర్చుకున్న ఫోటోగ్రాఫరు తీసిన చిత్రాలు ఈ కోవలోకి వస్తాయి. ఎవరూ కుదుర్చుకోకుండానే పూజామండపానికి తనంత తాను వెళ్లి, తీసి, ఆ పిమ్మట ప్రింట్లు అమ్ముకున్న ఫోటోగ్రాఫరు విషయంలో హక్కు అతనిదే. తెలుగు వ్యాకరణం చేసిన విభజననే చట్టం కూడా మరొక విధంగా చేసింది. ‘దిగినవారి’ చిత్రం దిగినవారిది, ‘తీసినవారి’ చిత్రం తీసినవారిది.

వాడుకలో ఈ భేదాన్ని పాటించినవారు అరుదు. ఏ చిత్రానికైనా నెగటివ్ స్టూడియోలోనే ఉండేది, కాగితం కుటుంబం చేతికి వెళ్లేది. మరొక ప్రతి కావాలంటే స్టూడియోకే వచ్చి కడిగించుకోవాలి. ఇది రాతలో లేని ఒప్పందం. 2012 సవరణతో ఛాయాచిత్రాలకున్న ప్రత్యేక గడువు తొలగి, కర్త జీవితకాలం, ఆపైన అరవై సంవత్సరాలు అనే సాధారణ నియమమే వాటికీ వర్తించింది. కర్తకు ఇది మేలు చేసే మార్పే. కానీ పాత చిత్రాలను భద్రపరచదలచిన సంస్థకు, ఏ చిత్రం కుదుర్చుకొని తీయించినది, ఏది ఫోటోగ్రాఫరు స్వయంగా తీసినది అని తేల్చుకోవడం మొదటి పని అవుతుంది. తీసినవారు, దిగినవారు జీవించి ఉన్నప్పుడే ఆ ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.

లెక్కకు మించిన చిత్రాలు

డిజిటల్ కెమెరా, ఆపై చేతిఫోను వచ్చాక ప్రింట్లు అమ్మే పద్ధతి కూలిపోయింది. ఫిల్ము పరిశ్రమకు పర్యాయపదంగా నిలిచిన ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థ 2012లో దివాలా రక్షణ కోరడం ఆ పతనానికి గుర్తు. ఇప్పుడు ఫోటోగ్రాఫరు అమ్ముతున్నది ప్రింటును కాదు, రోజును. ఇన్ని గంటలు, ఇంతమంది సిబ్బంది, ఒక ఆల్బము, ఒక వీడియో అని ఒప్పందం. కొన్ని ప్రదర్శనలలో, మేళాలలో అక్కడికక్కడే ముద్రించి ఇచ్చే చిన్న యంత్రాలతో ప్రింట్ల అమ్మకం జరుగుతున్నా, అది వృత్తి మొత్తాన్ని నిలబెట్టగలిగినది కాదు.

విమర్శదృష్టితో చూస్తే లాభనష్టాలు రెండూ ఉన్నాయి. పన్నెండు ఫ్రేముల కాలంలో కెమెరా ముందుకు రాని వంటవాళ్లు, మేళగాళ్లు, పందిరి వేసేవాళ్లు ఇప్పుడు చిత్రాలలో కనిపిస్తున్నారు. ఇది మంచి మార్పు. కానీ వేల చిత్రాలలో ఏది ముఖ్యమో నిర్ణయించే శ్రమ తగ్గిపోయింది. అట్టమీద అంటించి, కింద ఎడమ నుంచి కుడికి పేర్లు రాయించుకున్న సమూహచిత్రం అరవై సంవత్సరాల తరువాత కూడా మాట్లాడుతుంది. పేరు లేని ఫైలు, హార్డ్‌డిస్కు చెడిపోయిన రోజున, ఎవరికీ తెలియకుండానే అంతరిస్తుంది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు రాష్ట్రంలో అధికారభాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించింది. నూరేళ్లకు పైగా అక్కడ నివసించిన సమాజానికి లభించిన గుర్తింపు అది. భాషకు లభించిన గుర్తింపు ఆ భాష మాట్లాడినవారి చరిత్రకు కూడా లభించాలంటే, దాని ఆధారాలు మిగిలి ఉండాలి. వ్రాతప్రతుల విషయంలో 2003లో ప్రారంభమైన జాతీయ మిషన్ అనుసరించిన మార్గం ఇక్కడ ఆదర్శప్రాయం. ప్రతులను యజమానుల నుంచి తీసుకుపోవడం కంటే ముందు, అవి ఎక్కడ ఉన్నాయో అక్కడే పట్టిక తయారుచేయడం ఆ మార్గంలో తొలి అడుగు. చిన్న పట్టణాల స్టూడియోలకు, కుటుంబాల ఆల్బములకు ఇదే పద్ధతి వర్తింపజేయవచ్చు. ఇందుకు పెద్ద భవనాలు, పెద్ద పద్దులు అక్కరలేదు. ఒక సంఘం, ఒక గ్రంథాలయం, చరిత్ర చదివే కొందరు విద్యార్థులు చాలు. చిత్రం వెనుక మెత్తని పెన్సిలుతో నాలుగు విషయాలు రాయాలి: ఎవరు దిగారు, ఎవరు తీశారు, ఏ సందర్భం, ఏ సంవత్సరం.

వీటిలో రెండవ ప్రశ్నను ఇంతవరకు ఎక్కువమంది అడగలేదు. మలంచా ఇళ్ల గోడలమీద ఉన్న చిత్రాలలో దిగినవారి పేర్లు మనుమలకు తెలిసి ఉండవచ్చు. తీసినవారి పేరు స్టూడియో ముద్రతో పాటే చెరిగిపోతోంది. ప్రతి వేడుకకూ వచ్చి, ఏ చిత్రంలోనూ కనిపించక, అమ్మిన ప్రింటుతోనే బతికిన ఆ వ్యక్తిని కర్తగా గుర్తించడం నుంచే ఈ చిత్రాల విమర్శ ప్రారంభం కావాలి.